టికెట్టు వెనకాలే వస్తుంది

లాంగ్ వీకెండ్ వస్తే చాలు, న్యూజెర్సీలోని మనవాళ్ళు సగం మంది ఐ-95 మీద నార్త్ కరోలినా వైపు బయల్దేరతారు. దారిలో వర్జీనియా. అక్కడ "మామ" పట్టుకున్నాడని మా టీంలో ఒకతను చెప్తే, పక్కనున్నవాళ్ళంతా ఒకటే సలహా: "మనది న్యూజెర్సీ లైసెన్సు. వేరే స్టేట్ టికెట్టు మనల్నేం చేస్తుంది? ఆన్‌లైన్లో కట్టేసి మర్చిపో."

నాకీ సలహా అస్సలు నచ్చలేదు.

మొదటి సంగతి, సమాచారం ఆగదు. 45 రాష్ట్రాలు, వాషింగ్టన్ డీసీ కలిసి డ్రైవర్ లైసెన్స్ కాంపాక్ట్ అనే ఒప్పందంలో ఉన్నాయి. ఎక్కడ నేరం రుజువైనా సొంత రాష్ట్రానికి కబురెళ్తుంది. దానితో ఏం చెయ్యాలన్నది సొంత రాష్ట్రం ఇష్టం. మామూలు స్పీడింగ్‌కి న్యూజెర్సీ 2 పాయింట్లు వేస్తుంది. న్యూయార్క్ వెయ్యదు, ఒక్క అంటారియో, క్వెబెక్ టికెట్లకి తప్ప. మిషిగన్ ఆ ఒప్పందంలో లేదు, అయినా పాయింట్లు వేస్తుంది. కాబట్టి న్యూయార్క్ మిత్రుడి అనుభవం మీకు పనికిరాదు.

పోనీ కట్టకుండా వదిలేస్తే? దానికి నాన్-రెసిడెంట్ వయొలేటర్ కాంపాక్ట్ అని ఇంకోటుంది. సంగతి తేల్చేదాకా సొంత రాష్ట్రమే లైసెన్సు సస్పెండ్ చేస్తుంది. అది తెలియక బండి నడిపితే మరో కేసు.

అసలు భయపడాల్సింది పాయింట్లకి కాదు. వర్జీనియాలో 85 మైళ్ళు దాటినా, లిమిట్ కన్నా 20 మైళ్ళు ఎక్కువ వెళ్ళినా రెక్‌లెస్ డ్రైవింగ్ కిందకొస్తుంది (2020 జులై ముందు ఆ 85 కూడా 80 గానే ఉండేది). అంటే 70 జోన్లో 86 చాలు! ఇది క్లాస్ 1 మిస్‌డిమీనర్, అంటే క్రిమినల్ నేరం. గరిష్ఠంగా 12 నెలల జైలు, 2,500 డాలర్ల జరిమానా. మామూలు స్పీడర్‌ని జైల్లో వెయ్యకపోవచ్చు, కానీ రికార్డు మిగిలిపోతుంది. హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళు స్టాంపింగ్‌కి వెళ్తే డీఎస్-160 అడిగేది, ఎప్పుడైనా అరెస్టయ్యారా, శిక్ష పడిందా అని. "అవును" అంటే వీసా పోయినట్టు కాదు గానీ, కోర్టు కాగితాలు పట్టుకుని సంజాయిషీ చెప్పుకోవాలి. గ్రీన్ కార్డుకీ, సిటిజన్‌షిప్‌కీ ఇదే తంతు.

అందుకని టికెట్టు చేతికి రాగానే జరిమానా ఎంతో కాదు, సెక్షన్ ఏమిటో చూడండి. 46.2-862 అని ఉంటే అది ఆన్‌లైన్లో కట్టేసేది కాదు, కోర్టు వ్యవహారం. ఆ కౌంటీ లాయరుతో వాయిదాకి ముందే మాట్లాడండి. మామూలు టికెట్టైనా సరే, డబ్బు కట్టడమంటే తప్పు ఒప్పుకున్నట్టే.

మనకీ ధీమా ఎక్కణ్ణుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. హైదరాబాదులో పెండింగ్ చలానాల మీద 2022లో ఒకసారి, 2023 చివర్లో మరోసారి డిస్కౌంటు ఇచ్చారు. ఆగినవాడే లాభపడ్డాడు. ఇక్కడ ఆగితే లైసెన్సు పోతుంది, తొందరపడి కట్టేస్తే రికార్డులోకి ఎక్కుతుంది. లాయరు ఫీజు దండగనిపిస్తే ఒక్కసారి మీ ఇమ్మిగ్రేషన్ ఫైలు మందం చూసుకోండి.