అలమారులో పటాలం

మాది గుమాస్తా కొలువు. నలభై దాటినాక బొమ్మ సైనికులకు రంగులు వేస్తూ కూర్చుంటామంటే నవ్వేవారు నవ్వుతారు. మా ఇంటావిడ అందరికంటె ముందే నవ్వినది.

అంగుళంకంటె రవంత పొడుగుండే ప్లాస్టిక్ మనుషులు. క్రీస్తు శకం నాలుగవ శతాబ్దపు రోము సైన్యంలో ‘ఆక్సీలియా’ అనే పటాలాల వారు. కొలువు రోముదే గాని, వీరిలో చాలామంది రైను నదికి ఆవలి ఫ్రాంకు, అలమాన్ని జాతుల వారు.

మొదటి 24 మందినీ ఒకే తీరున తీర్చాము. మా అబ్బాయి చూచి, “ఏమిటి నాన్నా, ఒక్క రబ్బరు స్టాంపే ఇరవై నాలుగుసార్లు కొట్టినట్టున్నది!” అన్నాడు. మాకు రోషం వచ్చినది. నోతీషియా దిగ్నితాతుమ్ అని 400 ప్రాంతపు సర్కారు జాబితా ఒకటున్నది. ఏ అధికారి కింద ఏ పటాలమో, ఏ డాలుపై ఏ గుర్తో అందులో ఉన్నది. అది చూపించాము. అసలు ప్రతి పోయి, 15, 16 శతాబ్దాల నకళ్లే మిగిలినవి. నకలు చేతుల సంగతి గుమాస్తాకు వేరే చెప్పాలా! రిజిస్టరులో పటాలం ఉంటుంది గాని మనుషులుండరు.

రంగులన్నీ కడిగేశాము. రెండు పెట్టెల తలలు కోసి కలిపాము. అతికేటప్పుడు మెడ కొంచెం తిప్పితే చాలు, వాడు వేరే మనిషి! చొక్కాలన్నీ తెలుపే, అయినా ఒకటి కొత్తది, ఒకటి చెరువులో ఉతికి ఉతికి వెలిసినది. డాలు గుర్తు మాత్రం అందరికీ ఒకటే. అదీ పోతే అది పటాలం కాదు, సంత.

మేము ఎంచుకున్నది పెతులాంతెస్ పటాలం. 360లో వారికి బదిలీ ఉత్తర్వు వచ్చినది. పారశీకులతో యుద్ధానికి తూర్పుకు రమ్మని చక్రవర్తి కాన్‌స్టాంటియస్ ఆజ్ఞ. ఆల్ప్సు పర్వతాలు దాటించకూడదన్న షరతుమీద కొలువులో చేరినవారు వారిలో ఉన్నారు. భార్యాబిడ్డలు గోలుమన్నారు. జూలియన్ దొర కుటుంబాలను కూడా తీసుకుపొమ్మని సర్కారు బండ్లు ఇప్పించాడు. అయినా పారిస్‌లో వారంతా తిరగబడి, ఆయననే డాలుమీదికెత్తి చక్రవర్తిని చేశారు. కిరీటం లేకపోతే ఆ పటాలపు జెండా మోసేవాడు తన మెడలోని కంటె తీసి ఆయన తలకు పెట్టాడట. మా జెండావానికి కంటె బంగారు రంగుతో అద్దడానికి రెండు రాత్రులు పట్టినది.

నలుగురు మిగిలారనగా మాకూ ఉత్తర్వు వచ్చినది, బరంపురం నుంచి సంబల్పూరుకు. అబ్బాయికి పరీక్ష ఏడు. మాకు బండ్లిచ్చే జూలియన్ ఎవరు? తిరగబడే ధైర్యమూ లేదు. ఒక్కరమే రైలెక్కాము.

మొన్న సెలవుకు వచ్చి అలమారు తెరిస్తే ఆ నలుగురూ పూర్తయి ఉన్నారు. చివరివాని వీపున ఒక పరుపుచుట్ట కట్టి ఉన్నది. దానిమీద సన్నని ఎర్ర గళ్లు. మేము సంబల్పూరు తీసుకుపోయిన దుప్పటి గళ్లే అవి.