అభ్యంతరాలు లేవు

నేను కళాశాలలో తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. నీటి శాస్త్రం నాకు రాదు. అయినా కొన్నేళ్ళ కిందట కొల్లేటి సంరక్షణకు సంబంధించిన ఒక ప్రణాళిక సారాంశాన్ని తెలుగు చేసే పని నా మీద పడింది. గ్రామసభలో చదివి వినిపించాలి గనక తెలుగు కావాలన్నారు. ఆ గ్రామం మా వూరే కావటంతో సంతోషంగా వొప్పుకున్నాను. మూడు రాత్రులు కూర్చుని పని పూర్తిచేశాను. "సమీకృత చిత్తడినేల నిర్వహణ", "జలావరణ వ్యవస్థ పునరుద్ధరణ", "జీవనోపాధి వైవిధ్యీకరణ" - ఇలా ఒక్క ఇంగ్లీషు మాట దొర్లకుండా రాశానని లోలోపల గర్వపడ్డాను కూడా.

బడి వరండాలో సభ జరిగింది. ఒక ఉద్యోగి నా అనువాదాన్ని ఆసాంతం చదివి, "ఎవరికైనా అభ్యంతరాలున్నాయా?" అని అడిగాడు. ఎవరూ నోరు విప్పలేదు. "అభ్యంతరాలు లేవు" అని పుస్తకంలో రాసుకుని, సంతకాలూ వేలిముద్రలూ తీసుకుని వెళ్ళిపోయారు.

బయట టీ కొట్టు దగ్గర, నాకు వరసకు బాబాయి అయే ఒక ముసలి మత్స్యకారుడు నన్ను పట్టుకున్నాడు. "ఏరా అబ్బాయ్, ఆ చదివిందంతా మన కొల్లేరు గురించేనా?" అన్నాడు. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగాడు. అవునన్నాను. అప్పుడాయన అరగంటసేపు చెప్పాడు - ఏ డ్రైను మొగ పూడిపోయిందో, తొలివరదకు ఏ చేప ఎటు ఎదురెక్కుతుందో, వేసవిలో ఉప్పుటేరు వెంట ఉప్పునీరు ఎందాకా ఎగదన్నుకొస్తుందో, ఏ గట్టు అడ్డం వల్ల ఏ లంక ముందుగా మునుగుతుందో. "మరి ఇదంతా సభలో చెప్పలేదేం బాబాయ్?" అన్నాను. "అభ్యంతరం వుందా అన్నారు గాని, నీకేం తెలుసని ఎవరడిగార్రా?" అన్నాడు.

ఆ మాట నన్ను అప్పట్నుంచీ వదలలేదు. నదులనూ సరస్సులనూ కాపాడటంలో ప్రజలకు భాగం వుండాలని ఇవాళ అనని వారు లేరు. అయితే ప్రజలను ఎప్పుడు అడగాలి, ఏమని అడగాలి, అసలు ప్రజలంటే ఎవరు అనే ప్రశ్నలను మాత్రం అందరూ దాటేస్తున్నారు. నిజానికి ఉన్నదంతా ఈ మూడు ప్రశ్నల్లోనే వుంది.

చట్టాలు ప్రజలను పూర్తిగా మరిచాయనటం అన్యాయం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం, అభయారణ్యం ఏర్పరచేటప్పుడు కలెక్టరు ఆ చుట్టుపక్కల గ్రామాల్లో ప్రాంతీయ భాషలో ప్రకటన చెయ్యాలి. హక్కులున్నవారు రెండు నెలల్లోగా రాతమూలకంగా చెప్పుకోవాలి. వల తప్ప కలం పట్టనివాడు ఆ రాతను ఎవరిచేత రాయించుకుంటాడో చట్టానికి పట్టలేదు. పెద్ద ప్రాజెక్టుల పర్యావరణ ప్రభావం మీద 2006 సెప్టెంబరు 14 న వచ్చిన నోటిఫికేషను బహిరంగ విచారణకు 30 రోజుల ముందుగా నోటీసు ఇవ్వాలంటుంది. సభలో వచ్చిన అభిప్రాయాలను చివర స్థానిక భాషలో చదివి వినిపించాలంటుంది. ఇవి విలువైన హక్కులు, వదులుకోవలసినవి కావు. కాని ఆ సభ జరిగేనాటికే ముసాయిదా నివేదిక తయారై వుంటుంది. ఏమేం పరిశీలించాలో అంతకు ముందే నిపుణులు నిర్ణయించి వుంటారు. పైగా సభకు ఇంతమంది రావాలనే నియమం కూడా లేదు. చిత్తడినేలల మీద 2017 లో వచ్చిన నియమాల ప్రకారం ఏర్పడే రాష్ట్ర సంస్థలో మత్స్యశాస్త్ర నిపుణుడికి ఒక స్థానం వుంది. వల వేసేవాడికంటూ స్థానం లేదు.

అంటే ప్రశ్న వేరొకరు వేస్తారు, జవాబు వేరొకరు రాస్తారు, మనకు మిగిలేది అభ్యంతరం చెప్పే హక్కు మాత్రమే. వండి వడ్డించాక ఉప్పు చాలిందా అని అడగటం లాంటిదిది. ఏం వండాలో అడిగినట్టు కాదు.

అయితే తప్పంతా ప్రభుత్వానిదేనని చేతులు దులుపుకుంటే నా పాత్ర మరుగున పడిపోతుంది. అది కూడా చెప్పాలి.

కొల్లేరు కృష్ణా గోదావరి డెల్టాల నడుమ వున్న మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు అందులో పడతాయి. దాని నీరు సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు. ఐదో కాంటూరు వరకు దాని విస్తీర్ణం 308 చదరపు కిలోమీటర్లు. 1970 ల్లో ప్రభుత్వమే పేద మత్స్యకారుల చేత, దళితుల చేత సహకార సంఘాలు పెట్టించి చేపల చెరువులు తవ్వించింది. మా నాన్న అలాంటి ఒక సంఘంలో సభ్యుడు. చెరువు వచ్చింది గాని పెట్టుబడి రాలేదు. చేపపిల్లకూ మేతకూ డబ్బు లేక మా సంఘం చెరువు బయటి ఆసామికి లీజుకు పోయింది. కాగితం మీద యజమానులమైన మేము గట్టు మీద కాపలావాళ్ళమయ్యాం. ఆ లీజు డబ్బులతోనే నా స్కూలు ఫీజులు కట్టారు. ఇదే దారిన డబ్బున్నవాళ్ళు వేల ఎకరాల్లో గట్లు లేపారు.

1999 లో కొల్లేటిని అభయారణ్యంగా ప్రకటించారు. చిత్తడినేలల సంరక్షణలో స్థానిక ప్రజల భాగస్వామ్యానికి రాంసార్ ఒప్పంద దేశాలు మార్గదర్శక సూత్రాలు ఆమోదించింది కూడా ఆ సంవత్సరమే. 2002 లో కొల్లేరు రాంసార్ జాబితాకెక్కింది. 2006 లో యంత్రాలతోనూ పేలుడుమందుతోనూ చెరువుగట్లు తెగ్గొట్టారు. మా చెరువూ పోయింది.

అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. ఆవేశంతో ఒక కవిత రాసి ఒక సభలో చదివాను. ప్రజల నోటికాడి కూడు తన్నేశారన్నది అందులోని భావం. చప్పట్లు బాగా మోగాయి. కొన్నేళ్ళ తర్వాత మా వూరికి దిగువనున్న లంకలో చేపలమ్ముకునే ఒకావిడ నాతో అన్న మాట ఆ చప్పట్లను తుడిచిపెట్టింది. "మీ గట్టు తెగిన రోజున మా మావుల్లోకి మళ్ళీ చేప వచ్చింది బాబూ" అన్నదావిడ. ఏ సంఘంలోనూ వాటా లేక, నీటి వాలున వెదురు మావులు పెట్టుకు బతికే ఆ మనుషులకు మా గట్టు ఏళ్ళ తరబడి అడ్డుగోడ. నా కవితలో వాళ్ళు లేరు. లీజుదారు నష్టాన్నీ మా నాన్న నష్టాన్నీ ఒకే ముద్దగా కలిపి దానికి "ప్రజలు" అని పేరు పెట్టాను. ప్రజల పేరు చెప్పుకునే కవి చెయ్యకూడని పని అది.

గట్లు తొలగించటం అవసరమే, అందులో నాకిప్పుడు అనుమానం లేదు. కాని లీజు పోయిన సభ్యుడు రేపు ఏం తినాలి, తెరుచుకున్న నీటికి కాపలా ఎవరు అన్న ప్రశ్నలకు జవాబు ఆ నీటి మీద బతికేవాళ్ళతో కలిసి వెతకలేదు. సర్కారు నీటికి సర్కారే కాపలా అనుకున్నాం మేమంతా. ఏళ్ళు తిరిగేసరికి చెరువులు మళ్ళీ లేచాయి. 2008 లో శాసనసభ సరిహద్దును మూడో కాంటూరుకు కుదించాలని తీర్మానించింది. 2010 లో వేసిన అజీజ్ కమిటీ ఆ కుదింపును సమర్థించలేదు. కుదించమన్నదీ ప్రజల పేరిటే, కూడదన్నదీ ప్రజల మేలు కోరే. మావులు పెట్టుకునేవాడు మాత్రం రెంటిలోనూ ఎక్కడో వెనక వరసలో నిలబడ్డాడు.

"ప్రజలు" అన్న మాటను విప్పి చూడకపోతే బలవంతుడే ప్రజలవుతాడు. ఇది చెరువులతో ఆగదు. 1997 లో ఆంధ్రప్రదేశ్‌లో సాగునీటి సంఘాల చట్టం వచ్చింది. కాలువల పెత్తనం రైతులకివ్వటం మంచి అడుగే. అయితే ఆ సంఘాల్లో ఓటు భూమి సాగుచేసేవారిది. అదే కాలువలో బట్టలుతికేవాడికీ, చేపలు పట్టేవాడికీ, నాట్లకు దిగే కూలి మనిషికీ ఓటు లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ పేటలు మునిగినప్పుడు, ఆ యేటికీ కొల్లేటికీ వున్న సంబంధం చాలామందికి కొత్త సంగతిలా తోచింది. నీటికి ఆ సంబంధం ఎప్పుడూ తెలుసు. పట్టణపు మురుగు దిగువకు పోతుంది, దిగువన దారి మూసుకుపోతే వరద ఎగువన నిలుస్తుంది. కనక కొల్లేటి ప్రణాళిక కొల్లేటి ఒడ్డున మాత్రమే తయారయ్యేది కాదు. బుడమేటి గట్టున గుడిసె వేసుకున్నవాడూ, ఉప్పుటేటి మొగలో వల వేసేవాడూ ఒకే చాప మీద కూర్చోవాలి. వాళ్ళ మధ్య తగాదా వస్తుంది, రావాలి కూడా. తగాదా రాని సభలో ఎవరో ఒకరు లేరన్నమాట.

ఇందులో ఉపాధ్యాయులూ విద్యార్థులూ చెయ్యగలిగింది చాలా వుంది. ప్రణాళిక గీయకముందే గ్రామాలకు పోయి, ఎవరికేం తెలుసో వాళ్ళ మాటల్లోనే రాసి, అధికార్ల ముందు పెట్టవచ్చు. చెప్పిన ప్రతి మాటకూ వొప్పుకున్నారో లేదో, లేకపోతే ఎందుకో జవాబు రాయమని పట్టుబట్టవచ్చు. అనువదించిన కాగితాన్ని ముద్రించేముందు ఒక పడవ మనిషికి చదివి వినిపించవచ్చు. ఈ చివరి పని నేను చేసివుంటే ఆ రోజు బడి వరండాలో అంత నిశ్శబ్దం వుండేది కాదు.

క్రిందటేడు కొందరు విద్యార్థులను మా వూరికి తీసుకుపోయాను. నాలుగు రోజులు తిరిగి ఒక నోటు పుస్తకం నింపారు. ఒక డ్రైను ఎందుకు పూడిందన్న విషయంలో ఇద్దరు ముసలివాళ్ళు గట్టిగా తగాదా పడ్డారు. ఎవరిది రైటని ఒక విద్యార్థి నన్నడిగాడు. రెండూ రాసుకోమన్నాను. చివరిరోజున టీ కొట్టు దగ్గర కూర్చుని పుస్తకమంతా బాబాయికి చదివి వినిపించాం. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. విని, పదకొండు చోట్ల తప్పని దిద్దించాడు.