సామర్లకోటలో కొన్ని దినములు

రైలు ప్రయాణికులకు సామర్లకోట యనగా బండి మారు తావు మాత్రమే. మదరాసు నుండి హౌరాకు పోవు పెద్దదారిలో రాజమహేంద్రవరము దాటిన తరువాత సుమారు 50 కిలోమీటర్లకు ఈ జంక్షను వచ్చును. కాకినాడకు పోవు చీలికదారి యిక్కడనే విడివడును. పెట్టె చేతబట్టుకొని వంతెన యెక్కి దిగి, రెండవ బండికై కాచుకొని, ఊరివంక కన్నెత్తియైన చూడక పోవువారే పెక్కుమంది. ఈ సంక్రాంతి వెళ్లిన పిమ్మట మా పినతల్లిగారి యింట పండ్రెండు దినములు నిలుచు నవకాశము మాకు గలిగినది. ఆ యూరిని గూర్చియు, ఆ యింట మేము చూచిన యొక క్రొత్త వేడుకను గూర్చియు సోదరీమణులకు నాలుగు మాటలు చెప్పదలచితిమి.

ఊరిలో మొదట చూడవలసినది కుమారారామ భీమేశ్వరాలయము. తారకాసురుని కంఠమందలి లింగము అయిదు ముక్కలై పడిన చోట్లే పంచారామములని పెద్దలు చెప్పుదురు. అమరావతి, ద్రాక్షారామము, పాలకొల్లు, భీమవరము తక్కిన నాలుగు. ఇచ్చటి యాలయమును తూర్పు చాళుక్యులలో చాళుక్య భీముడు (క్రీ.శ. 892–922) కట్టించెనందురు. లింగము సుమారు 14 అడుగుల యెత్తు. క్రింది యంతస్తున మొదలై పైయంతస్తున తల యెత్తినది. క్రింద పాదములకు మ్రొక్కి, మెట్లెక్కి పోయి, శిరస్సునకు పైన అభిషేకము చేయింపవలెను. మోకాళ్ల నొప్పులతో బాధపడు మా పినతల్లిగారు “నాకు పాదములు చాలునమ్మా, శిరస్సు మీరు చూచి రండి” అని నందీశ్వరునికడ కూర్చుండిరి. నూరు స్తంభముల మండపములో ఎండవేళనైనను చల్లగా నుండును. ఎవరును తొందరపెట్టరు. తిరునాళ్ల సందడిలేని దినమున పోయినవారికి దర్శనము, విశ్రాంతి రెండును దొరకును.

గుడి దాటి బయటికి వచ్చినచో కాలువ. ధవళేశ్వరమువద్ద ఆనకట్ట 1852లో ముగిసిన పిమ్మట గోదావరి నీరు ఈ ప్రాంతమునకు కాలువలమీద వచ్చినది. ఒకప్పుడు పడవలును ఆ దారినే నడిచినవి. ఇప్పుడు పడవలు లేవు గాని, వరిచేలు, చెఱకుతోటలు కన్నులపండువుగా నున్నవి. ప్రక్కనే పెద్దాపురము. పట్టుచీరల మాట యెత్తినచో ఈ వ్యాసము మరియొక త్రోవ పట్టును గనుక ఊరకుందుము.

ఇక ఆ యింటి సంగతి. పినతల్లిగారికి ఇద్దరు కుమారులు. చిన్నవాడు భార్యతోను కుమార్తెతోను ఇక్కడనే యున్నాడు. పెద్దవాడు అమెరికాలో టెక్సాసు రాష్ట్రమున ఫ్రిస్కో యను పట్టణమున కాపురమున్నాడు. డాలసుకు ఉత్తరముననున్న ఆ యూరిలో తెలుగు కుటుంబములు వేలకొలది యున్నవని మన యిండ్లలో తెలియనివారు లేరు. కాని ఆ యూరిలోనే డాలసు ఫుట్‌బాలు క్లబ్బువారి క్రీడాస్థలమున్నదనియు, అది 2005లో తెరచినదనియు, ఆ క్లబ్బు పాఠశాలలో తరిఫీదైన పిల్లలు ఐరోపాఖండమునకు పోయి పెద్ద క్లబ్బులలో ఆడుచున్నారనియు మాకు ఈ యింటనే తెలిసినది. ఫ్రిస్కోను ఆనుకొనియున్న లిటిల్ ఎల్మ్ వాడైన వెస్టన్ మెకెన్ని 2016లో జర్మనీలోని షాల్కె క్లబ్బునకును, 2020లో ఇటలీలోని యువెంటస్ క్లబ్బునకును పోయెను. రికార్డో పెపి జర్మనీ మీదుగా నెదర్లాండ్సు చేరెను. క్రిస్ రిచర్డ్సు బయర్న్ మ్యూనికునకు పోయి, 2022లో లండనులోని క్రిస్టల్ ప్యాలెసు క్లబ్బున చేరెను. ఆ క్లబ్బు 2025 మేనెలలో మాంచెస్టర్ సిటీ నోడించి ఇంగ్లండు కప్పు గెలిచిన దినమున ఫ్రిస్కోలోని మన పిల్లవాడు ఊరంతటికిని మిఠాయి పంచునంత పని చేసెనట!

అమెరికా పిల్లవాడు, ఐరోపా క్లబ్బు, చూచునది సామర్లకోటలోని మామ్మ. ఈ ముడి యెట్లు పడినదనగా, మనుమలతో మాటలాడుటకు పినతల్లిగారికి వేరు త్రోవ లేకపోయినది. పిల్లలకు తెలుగు వచ్చును గాని, “అన్నము తింటివా? బడికి పోతివా?” అను రెండు ప్రశ్నలైన పిమ్మట సంభాషణ ఆగిపోవును. మన యిండ్లలో ఎందరు మామ్మలు ఫోను చేతబట్టుకొని ఆ మౌనమును భరించుచున్నారో చెప్పనక్కరలేదు. ఒకనాడు మనుమడు ఆట చూచుచు ఫోను తీసెనట. “ఏమి చూచుచున్నావురా?” అని అడుగగా గంటసేపు విడువక చెప్పెనట. ఆనాటినుండి ఆమెయును చూచుట మొదలిడిరి.

గడియారముతో వచ్చిన చిక్కు మాత్రము చిన్నది కాదు. ఐరోపా క్లబ్బులన్నిటిలో మేలైనవి తలపడు ఛాంపియన్స్ లీగు ఆటలు శీతకాలమున మనకు రాత్రి ఒకటిన్నరకు మొదలగును. ఆ వేళ ఫ్రిస్కోలో పగలు రెండు గంటలు; పిల్లలు బడిలోనుందురు. అది రెండిండ్లకును పనికిరాదు. ఇంగ్లండులో శనివారము మధ్యాహ్నము మూడు గంటలకు జరుగు ఆటలే వీరికి అనుకూలము. అప్పుడు సామర్లకోటలో రాత్రి ఎనిమిదిన్నర, భోజనములైన వేళ. ఫ్రిస్కోలో ఉదయము తొమ్మిది, కాఫీ వేళ. టెలివిజనుకు ఎదురుగా ఫోను నిలువబెట్టి, ఇటు మామ్మయు అటు మనుమడును కలిసి చూతురు. వేసవిలో వారి గడియారములు ఒక గంట ముందునకు జరుగును గనుక మనకు ఏడున్నరకే యాట. వంట కాదు! “దొరలు గడియారము త్రిప్పిన దినమున నా పప్పు మాడును” అని మా మరదలు నవ్వుచు విసుగుకొనెను.

ఆట నియమములు పినతల్లిగారు నేర్చిన తీరు వినదగినది. ఆఫ్‌సైడు అను నియమము చాలమంది మగవారికే తెలియదు. బంతిని ముందునకు తన్నిన క్షణమున, దానిని అందుకొనవలసినవాడు ఎదుటిజట్టులో వెనుకనుండి రెండవవానిని దాటి ముందే నిలిచి యుండరాదు. పినతల్లిగారు దీనిని “వడ్డన కాకముందే విస్తరిముందు కూర్చుండుట” అనిరి. మనుమడు దాని నింగ్లీషు చేసి తన స్నేహితులకు చెప్పెనట.

క్రీడాకారులకు క్లబ్బులు కట్టు వెలలు విన్నప్పుడు ఆమెకు మొదట రోత కలిగినదట. “మనిషికి వెల యేమిటి? కన్యాశుల్కమా?” అనిరి. పోలిక అంత తప్పుకాదు. కన్యాశుల్కము పిల్లకు గాక తండ్రికి చేరినట్లే, ఈ రొక్కమును ఆటగానికి గాక వానిని వదలిన క్లబ్బునకే చేరును. ఆటగానికి జీతము వేరు. అయితే దీనిలో ఒక మంచి నియమము కూడ కలదు. ఆ వెలలో నూటికి అయిదు వంతులు, పండ్రెండవ యేటినుండి ఇరువదిమూడవ యేటివరకు వానికి ఆట నేర్పిన క్లబ్బులకు పంచవలెను. చిన్ననాడు మట్టిలో పరుగెత్తించిన వారినిగూడ లెక్కలో చేర్చినారన్నమాట. ఇది విని పినతల్లిగారు కొంత శాంతించిరి.

అమెరికావారిలో అందరికంటె పేరుపొందిన క్రిస్టియన్ పులిసిక్ కథ మాకు బాగుగా నచ్చినది. పదునెనిమిదేండ్లు నిండని పిల్లలను పరదేశపు క్లబ్బులు చేర్చుకొనరాదని ప్రపంచ ఫుట్‌బాలు సంఘమువారి నియమము. ఐరోపా సమాఖ్య పౌరులకు మాత్రము ఆ దేశములలోపల పదునారేండ్లకే వీలు గలదు. పెన్సిల్వేనియాలో పుట్టి పెరిగిన ఈ పిల్లవాని తాతగారు క్రొయేషియా దేశపువారు. ఆ తాత మూలమున పౌరసత్వము దొరకి, 2015లో అతడు జర్మనీలోని డార్ట్‌మండు క్లబ్బున చేరెను. 2019లో చెల్సీ క్లబ్బునకు, 2023లో మిలానునకు పోయెను. 2021లో ఛాంపియన్స్ లీగు తుదిపోటీలో ఆడి గెలిచిన మొదటి అమెరికా పురుషుడతడే. ఊరు విడిచిపోయిన తాత మనుమనికి తిరిగి తలుపు తెరచినాడు. పినతల్లిగారు ఈ కథను ఇరుగుపొరుగువారికి ఎన్నిసార్లు చెప్పిరో లెక్కలేదు.

పురుషుల మాట అటుంచుడు. ఫ్రిస్కోలోని మనుమరాలికి నవోమి గిర్మా యనిన ప్రాణము. ఇథియోపియానుండి వలసవచ్చిన తల్లిదండ్రులకు కాలిఫోర్నియాలో పుట్టిన ఆ యువతిని 2025 జనవరిలో చెల్సీ స్త్రీల జట్టువారు సుమారు పదకొండు లక్షల డాలర్లకు తీసికొనిరి. అంతకుముందు ఏ స్త్రీకిని పది లక్షల డాలర్ల వెల పలికియుండలేదు. వలసవచ్చినవారి బిడ్డ యనగానే ఆ పిల్లకు తన పోలిక కనబడినది కాబోలు.

సామర్లకోటలోని మా మేనకోడలికి పదుమూడేండ్లు, తొమ్మిదవ తరగతి. మామ్మ ప్రక్కన కూర్చుండి చూచి చూచి, బడి మైదానమున మగపిల్లలతో కలిసి బంతి తన్న నారంభించినది. కాలివ్రేళ్లకు దెబ్బలు, ముఖమునకు ఎండ. మొదట ఇంటివారు నవ్వి యూరకుండిరి. కాకినాడలో ఆదివారములందు తరిఫీదు ఇచ్చువారున్నారు, పోయెదనని పిల్ల యడిగినప్పుడు మాత్రము ఇంట నిప్పు రాజుకొన్నది. తండ్రి కూడదనెను. “చూచుట వేరు, ఆడుట వేరు. పదవ తరగతి యెదుటనున్నది. ఆ ఆటలు అమెరికావారికి చెల్లును. మన పిల్లలెవరైన పోయిరా?” అని యతని ప్రశ్న.

దానికి సమాధానము పిల్లయే తెచ్చినది. నిజామాబాదు జిల్లాలోని ఒక తండాలో పుట్టిన గుగులోతు సౌమ్య 2022లో క్రొయేషియా రాజధానిలోని డైనమో జాగ్రెబు స్త్రీల జట్టున చేరి ఆడినది. మధ్యప్రదేశపు జ్యోతి చౌహాన్ ఆమెకు తోడు. పులిసిక్ తాతగారి దేశమే అది! పినతల్లిగారు లేచి కూర్చుండిరి. “మన తెలుగుపిల్లయే? అంత చలిలో? అన్నము ఎవరు వండిపెట్టిరే?” అనిరి. “ఆ సంగతి పత్రికలు వ్రాయవు మామ్మా” అని పిల్ల నవ్వినది. వ్రాయవలసిన సంగతి అదియేయని మాకు తోచినది.

సౌమ్య పిదప స్వదేశమునకు వచ్చి, కలకత్తాలోని ఈస్టు బెంగాలు జట్టున ఆడి, 2024–25లో ఆ జట్టుతో భారత స్త్రీల లీగు గెలిచి, ఆ యేటి ఉత్తమ క్రీడాకారిణిగా దేశ ఫుట్‌బాలు సంఘమువారి బహుమానమందినది. ఆమెకు ముందును త్రోవ వేసినవారున్నారు. మణిపురపు బాలాదేవి 2020లో స్కాట్లండులోని రేంజర్సు క్లబ్బునకు పోయినది. పంజాబు పిల్ల మనీషా కళ్యాణ్ 2022లో సైప్రసులోని అపొలన్ జట్టున చేరి, ఐరోపా స్త్రీల ఛాంపియన్స్ లీగులో ఆడిన మొదటి భారతీయురాలైనది. 2025 జూలైలో మన దేశపు స్త్రీల జట్టు థాయిలాండును 2–1తో ఓడించి ఆసియా కప్పునకు అర్హత పొందినది.

ఈ సందర్భమున పాతమాట యొకటి. తెలుగునాట ఫుట్‌బాలు నిన్న మొన్న పుట్టినది కాదు. సికింద్రాబాదువాడైన తులసీదాసు బలరాం 1957లో ఈస్టు బెంగాలు జట్టునకు పోయెను. 1960లో రోము ఒలింపిక్సులో హంగరీమీద, పెరూమీద గోలులు చేసెను. 1956 మెల్బోర్ను ఒలింపిక్సులో నాలుగవ స్థానమందిన భారతజట్టునకు శిక్షకుడు హైదరాబాదు రహీముగారే. ఆనాడు కలకత్తాయే పరదేశమువంటిది. బలరాం ఆట ఎట్లున్నదో పత్రికలో చూచుకొనుటయే గాని వేరు మార్గము లేదు. విజయవాడనుండి కలకత్తాకు బండ్లు పోవునది ఈ సామర్లకోట మీదుగానే.

తండ్రి వాదమును మేము తోసివేయలేము. ఆదివారము ఉదయము కాకినాడకు బండి యెక్కించుట, మధ్యాహ్నము తిరిగి తెచ్చుట ఎవరివంతు? బూట్ల ఖర్చు, గ్రుడ్డు పాలు, ఎండలో తోడు, వీనిని లెక్కింపకుండ “ఆడనిండు” అనుట సులభము. అమెరికాలోనైనను పిల్లలనాడించుటకు తల్లిదండ్రులు ఏటికి వేలకొలది డాలర్లు ఖర్చుపెట్టుట సామాన్యమట. ఆట యెక్కడను ఉచితము కాదు. అయినను ఆ యింట వాదము ఖర్చును గూర్చి జరుగలేదు. పెండ్లివారు ఏమందురో, నల్లబడునేమో, కాలు విరుగునేమో అను మాటలే యెక్కువ. మా మరదలు ఎన్నడును ఎదురాడనిది, ఆ రాత్రి అన్నము వడ్డించుచు, “నేను తీసికొనిపోయెదను. ఆదివారము వంట అత్తయ్యగారు చూచుకొందురు” అని మెల్లగా ననెను. పినతల్లిగారు “చూచుకొందును” అనిరి. మోకాళ్ల మాట ఆనాడు రాలేదు. మఱిదిగారు అనుటకు మాకు వరుస కాదు గాని, మా తమ్ముడు పలుకక చేయి కడుగుకొనెను.

మేము బయలుదేరు దినమునకు అతని సమ్మతి ఇంకను రాలేదు. కాని వంటింటి గోడనున్న క్యాలెండరుమీద శనివారపు ఆటవేళల క్రింద, కాకినాడకు ఆదివారము ఉదయము పోవు బండ్ల వేళలు కూడ ఎవరో పెన్సిలుతో వ్రాసియుండిరి. అక్షరములు పిల్లవి కావు.