తాత రాతలో తలకట్లు పోకుండా

మనలాంటి ఇళ్లలో పెద్దల తెలుగు రాత ఇంకా మిగిలి ఉందంటే, అది పెట్టె అడుగున ఉన్న పాత కార్డుల్లోనే. మాది కోలారు పక్క. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. తెలుగు చదవడం మాకు కన్నడ అక్షరాల ఆసరాతో వచ్చింది. చేత్తో రాయడం మాత్రం తాతతోనే ఆగిపోయింది.

అందుకే చెల్లెలి లగ్నపత్రిక మీద తాత రాసిన మాటే వేద్దామనుకున్నాం. పాత పోస్టుకార్డులో "చల్లగా బతకండి" అని ఉంది. కార్డు పసుపుపచ్చగా మారిపోయింది. పత్రికేమో మెరూన్ రంగు. పసుపు తీసేసి అక్షరాలు మాత్రం బంగారు రంగులో రావాలి. ఒక స్టూడియోలో చేయించాం. మా కంటికి బాగానే కనిపించింది. అవ్వ చూసి, "ఏమ్రా, మీ తాతకు పేటా తీసేసినట్టుందే, అక్షరాలు బోడిగా ఉన్నాయి" అనింది. చ, త, క మూడింటికీ తలకట్లు లేవు!

మా పని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కదా, కారణం వెతికాం. మంత్రదండం లాంటి టూల్‌తో నొక్కితే, ఆ రంగుకు దగ్గరగా ఉన్న చుక్కలన్నీ ఎంపికై పోతాయి. తలకట్టు చివర కలం పైకి లేస్తూ గీసిన సన్న గీత. అక్కడి చుక్కల్లో సగం సిరా, సగం కాగితం. త్రెషోల్డ్ పెంచితే గీత పోతుంది, తగ్గిస్తే అక్షరం చుట్టూ పసుపు అంచు మిగులుతుంది.

ఉచితంగా దొరికే గింప్‌లో దీనికి వేరే దారి ఉంది, కలర్ టు ఆల్ఫా. అది చుక్కను ఉంచాలా తీయాలా అని చూడదు. ఆ చుక్కలో కాగితం రంగు ఎంత ఉందో అంతే తీసి, మిగతా సిరాను పలుచగా ఉంచుతుంది.

మేము చేసింది ఇది. కార్డును 600 డీపీఐలో స్కాన్ చేశాం. పసుపు అంతటా ఒకేలా ఉండదు గనుక లేయర్‌కు నకలు తీసి, అక్షరాలు కరిగిపోయేంతగా గాసియన్ బ్లర్ ఇచ్చి, దాన్ని పైనే ఉంచి మోడ్‌ను డివైడ్‌కు మార్చాం. కాగితం దాదాపు తెల్లబడింది. రెండు లేయర్లూ కలిపేసి, లేయర్ మెనూలో ట్రాన్స్‌పరెన్సీ కింద ఉన్న కలర్ టు ఆల్ఫాకు తెలుపు ఇచ్చాం. తర్వాత ఆల్ఫా చానెల్ లాక్ చేసి బంగారు రంగు నింపాం. పీఎన్‌జీగా దాచాం. జేపెగ్‌లో పారదర్శకత నిలవదు.

రంగు నింపే ముందే రెండు పరీక్షలు చేయండి. కింద తెల్ల లేయర్ పెడితే, రంగు తీయకముందున్న బొమ్మే తిరిగి రావాలి. ముదురు ఎరుపు పెడితే ఎక్కడా తెల్లటి అంచు కనిపించకూడదు.

ఫోటోలకు మాత్రం ఇది వాడకండి. తెలుపు తీయమంటే తాత పంచె, కంట్లో తెల్లగుడ్డు కూడా పలుచబడిపోతాయి. వాటికి లేయర్ మాస్క్ వేసి ఓపిగ్గా చేత్తో గీసుకోవాల్సిందే.

అన్నిటికన్నా పెద్ద పరీక్ష ఏ మెనూలోనూ లేదు. ద కింద చిన్న గీత పోతే ధ కాస్తా ద అయిపోతుంది. అది మరక కాదు, అక్షరమేనని చెప్పడానికి తెలుగు రాత చదివిన కన్ను కావాలి. మా ఇంట్లో అట్లాంటి కన్ను అవ్వది ఒక్కటే. మీ ఇంట్లోనూ అట్లాంటివాళ్లు ఉంటే, కార్డులు ఇప్పుడే స్కాన్ చేసి, శుభ్రం చేసిన ప్రతిదీ వాళ్లకు చూపించండి. అసలు స్కాన్‌ను మాత్రం చెరపకుండా వేరుగా దాచండి.