ఎక్కేశావా నాన్నా?

“పైకెళ్లాక వీడియో కాల్ చెయ్యి నాన్నా, కొండ చూస్తా” అంది అమ్మ, నేను గాల్వేలో వెస్ట్‌పోర్ట్ బస్సెక్కుతుంటే.

ఐర్లండ్ పడమటి తీరంలో, మేయో కౌంటీలో ఉంది క్రో పాట్రిక్ కొండ. ఎత్తు 764 మీటర్లు. సెయింట్ పాట్రిక్ దాని మీద 40 రోజులు ఉపవాసం చేశాడని అక్కడివాళ్ల నమ్మకం. ఏటా జులై చివరి ఆదివారం వేలమంది ఎక్కుతారు, కొందరైతే చెప్పుల్లేకుండా. ఇది వినగానే అమ్మకి తిరుమల గుర్తొచ్చింది. “అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కినవాడివి, నీకిదెంత!” అంది.

మరిస్క్ అనే ఊరి దగ్గర మొదలుపెట్టాం, నేనూ మా రూమ్మేటూ. సగం దాకా హాయిగానే ఉంది. పక్కనే వాగు. వెనక్కి తిరిగితే క్లూ బే, నీళ్లలో పచ్చటి దిబ్బల్లా బోలెడు దీవులు. సెల్ఫీలే సెల్ఫీలు.

కాస్త చదునుగా ఉన్న చోటుకి చేరాక అసలు కొండ కనిపించింది. రాళ్లు కుప్ప పోసినట్టు, నిటారుగా. అడుగేస్తే కాలికింద రాయి జారుతోంది. ఇంతలో సముద్రం మీంచి మబ్బొచ్చి కమ్మేసింది. ముందు నడిచేవాళ్లు కూడా కనబడట్లేదు. మావాడు జారి పడ్డాడు, మోకాలు చీరుకుపోయింది.

“రేయ్, నేనిక్కడ కూర్చుంటా. నువ్వెళ్లిరా” అన్నాడు.

ఫోన్లో చూశా. ఇంకో వంద మీటర్ల ఎత్తే ఉంది.

నిజం చెప్పొద్దూ, వెళ్లాలనే అనిపించింది. పైన 1905లో కట్టిన చిన్న తెల్లటి చర్చి ఉంది. దాని ముందు ఒక్క ఫొటో కావాలి. మాస్టర్స్ అయి ఎనిమిది నెలలైంది. “ఉద్యోగం వచ్చినట్టేనమ్మా” అని ప్రతి నెలా చెబుతూనే ఉన్నా. ఒక్కటైనా నిజంగా పూర్తిచేసింది ఇంట్లో చూపించాలి.

కానీ వాడి చేతులు చలికి వణుకుతున్నాయి. ఆ మబ్బులో ఒక్కడినే వదిలి ఎలా వెళ్లను? చెయ్యి పట్టుకుని దింపాను. ఎక్కడం కంటే దిగడమే కష్టం. కొన్నిచోట్ల కూర్చుని జరగాల్సొచ్చింది.

కిందికి రాగానే ఫోన్ మోగింది.

“ఎక్కేశావా నాన్నా?”

మబ్బులో తీసిన ఫొటో ఒకటుంది. అదే శిఖరం అంటే అమ్మ నమ్మేస్తుంది. నోటిదాకా వచ్చింది కూడా.

“లేదమ్మా. కొంచెం దూరంలో వెనక్కొచ్చేశాం.”

“పోన్లే. దెబ్బలేమన్నా తగిలాయా?”

“నాకు కాదు, మావాడికి. అమ్మా... ఉద్యోగం కూడా రాలేదు. వచ్చినట్టేనని చెప్పింది అబద్ధం.”

అటునుంచి కాసేపు మాట లేదు. కాల్ కట్టయిందేమోనని స్క్రీన్ చూసుకున్నా.

“నాన్నకి నేను చెబుతాలే” అంది అమ్మ. “ముందు ఆ పిల్లాడి మోకాలు కడుగు.”