పెట్టెలోని గడియారము

"పెట్టెలోని వస్తువు చెడునా?" యని తలచి, విశాఖపట్టణములో నొక పెద్దమనిషి యొద్ద ఇరువదియేండ్ల నాటి ఒమేగా చేతిగడియారమును కొంటిని. ఆయన దానిని పెండ్లిండ్లకు మాత్రమే పెట్టుకొనెనట. ఒకసారియైనను విప్పించి శుభ్రము చేయింపలేదట. ఈ రెండవ మాటయు నాకు గుణముగనే తోచెను. వారము తిరుగకమునుపే అది దినమునకు పది నిమిషములు వెనుకబడసాగెను.

జగదాంబ కూడలి చేరువ గడియారములు బాగుచేయు వృద్ధుడు మూత విప్పి, "బాబూ, పైన గీత లేదు, లోన నూనె యెండినది. వాడకున్నను నూనె యెండక మానునా?" అనెను. ఐదు మొదలు ఎనిమిదేండ్ల కొకమారు శుభ్రపరచి నూనె వేయింపవలెనని ఒమేగావారే చెప్పుదురు. ఎండిన నూనెతో నడిపినచో ఇరుసు లరుగును.

అతని బల్లమీద ఉక్కు కర్మాగారపు కార్మికు డొకని హెచ్.ఎం.టి. గడియారము, ఒడలెల్ల గీతలతో, సరిగా నడుచుచుండెను. ఆ గడియారముల సంస్థను మూసివేయ ప్రభుత్వము 2016లోనే నిశ్చయించినది; అయినను దాని యజమానుడు కొన్నియేండ్ల కొకసారి తెచ్చి నూనె వేయించుచున్నాడట.

నేను సిగ్గుపడితిని. వేళ తెలియుటకు అతడు కొనెను. నలుగురు చూచుటకు నేను కొంటిని. చదువరులారా, పైగీతలను వెదకితినే గాని, వెల చెల్లించుటకు ముందు మూత విప్పించి చూపుమని యడుగనైతిని. మరమ్మతు కూలి యిచ్చితిని. ఇక నది పెట్టెలో నుండదు. గీతలు పడిన పడనిండు.