ముప్ఫై కిలోల పెట్టె... అందులో ఓ ఊరు!

తెర మీద కథానాయకుడు పైలట్ అయితే ఆ దర్జాయే వేరు! తెల్లచొక్కా, భుజాల మీద బంగారు గీతలు, నల్లకళ్లద్దాలు, వెనకాలే బుద్ధిగా దొర్లుకుంటూ వచ్చే చక్రాల పెట్టె... హాల్లో ఈలలు మోగాల్సిందే! కానీ ఆ పెట్టెలో ఏముందో ఏ దర్శకుడూ మూత తీసి చూపించడు. నిజం చెప్పాలంటే పైలట్‌కి పెట్టెకన్నా చేతిసంచే ముఖ్యం. లైసెన్సు, మెడికల్ సర్టిఫికెట్, పాస్‌పోర్టు - ఈ మూడూ తన దగ్గరే ఉండాలి. బట్టలూ బూట్లూ ఆ తర్వాత. బట్టలు పోతే కొనుక్కోవచ్చు, కాయితం లేకపోతే విమానం నడపలేడు కదా!

ఇక అదే విమానంలో వెనక వరసలో, కిటికీ పక్కన, బెల్టు ఎలా పెట్టుకోవాలో తెలీక పక్కవాణ్ణి చూస్తూ కూర్చున్న కుర్రాడి సంగతి చూడండి. అతనిదీ కొత్త ఉద్యోగమే. అతనికీ ఓ పెట్టె ఉంది, ఓ చేతిసంచి ఉంది. ఊరు జగిత్యాల పక్కన ఏ పల్లెటూరో, కోరుట్లో, సిరిసిల్లో! దుబాయ్, మస్కట్, కువైట్, దోహా, రియాద్... ఏ కొలువుకి వెళుతున్నా ఇక్కడి జనం నోట అన్నిటికీ ఒకటే పేరు - ‘దుబాయి’! ఈ వారం మన ప్రయాణం ఆ పెట్టె సర్దుకునే ఊళ్లకి.

జగిత్యాలలో మొదటి మజిలీ

కరీంనగర్ నుంచి బస్సెక్కితే కొండగట్టు అంజన్న గుట్ట దాటాక జగిత్యాల వస్తుంది. నక్షత్రం ఆకారంలో కట్టిన పాతకోట ఇక్కడి ప్రత్యేకత. 2016 అక్టోబరులో జిల్లా కేంద్రమైంది. వేసవిలో వస్తే మామిడికాయల లారీలే లారీలు! ఊరవతల చల్‌గల్ మామిడి మార్కెట్ నుంచి ఉత్తరాదికి వెళ్లేవి కొన్ని, అవ్వల చేతుల్లో తొక్కుగా మారి ఎడారికి వెళ్లేవి కొన్ని!

నవ్వకండి, నిజమే. ఈ ఊళ్లలో పెట్టె సర్దడమంటే ముందు తొక్కుతోనే మొదలు. ప్లాస్టిక్ డబ్బాలో నింపి, మూత చుట్టూ టేపు బిగించి, పైన రెండు కవర్లు తొడిగి, లుంగీలో చుట్టి, పెట్టె నడిమధ్యన పెడతారు. నూనె కారిందో, కొత్త చొక్కాలన్నీ దుబాయి చూడకముందే ఎర్రబడతాయి. తర్వాత సకినాలు, గరిజెలు, పల్లిపట్టీలు, కారంపొడి. సర్వపిండి మీద ఎంత మనసున్నా అది నాలుగు రోజులు ఆగదు కాబట్టి బయల్దేరేముందే తినేసి వెళ్లాలి. ఆ తొక్కు విలువ కంపెనీ రూముకి వెళ్లాక తెలుస్తుంది. డ్యూటీ దిగొచ్చి వంట చెయ్యడానికి ఓపిక లేని రాత్రి ఓ ఖుబ్బూస్ రొట్టె, ఓ చెంచాడు తొక్కు... అదే విందుభోజనం!

తొక్కుడబ్బా పెద్దపెట్టెలోనే వెళ్లాలి, చేతిసంచిలో పెడితే తనిఖీ దగ్గర తీసి పక్కన పడేస్తారు. అవ్వ కళ్లముందు కదిలేది అక్కడే! ఫోను చార్జింగు పెట్టుకునే పవర్ బ్యాంకుది సరిగ్గా ఎదురు కథ, అది చేతిసంచిలోనే ఉండాలి, పెద్దపెట్టెలో పనికిరాదు. అగ్గిపెట్టె ఎక్కడా పనికిరాదు. ఇంకో సంగతి చాలామందికి తెలీదు - ఎండుకొబ్బరి! ఇక్కడివాళ్లు కుడుకలంటారు. శుభమని పెట్టెలో రెండు కుడుకలు వేస్తుంటారు. ఎండుకొబ్బరిలో నూనె ఎక్కువ, త్వరగా అంటుకుంటుంది. అందుకని 2022 నుంచి మన దేశంలో విమానం పెద్దపెట్టెల్లో దాన్ని నిషేధించారు. ఆ శుభమేదో గుమ్మంలోనే కానిచ్చేయడం మేలు.

కోరుట్ల బస్టాండులో కార్డుబోర్డు డబ్బాలు

జగిత్యాల నుంచి నిజామాబాద్ రోడ్డు పట్టుకుంటే పాతిక కిలోమీటర్లలో కోరుట్ల. దారికి అటూ ఇటూ పసుపు చేలు, వరి మడులు. ఊళ్లోకి వెళితే ఇళ్ల ముందు చేటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్లు. ఇంట్లో మగవాడు దుబాయిలో, ఆడవాళ్ల చేతిలో బీడీ ఆకు... రెండు సంపాదనలూ కలిస్తేనే ఇల్లు నడిచేది. బోర్లు ఎండిపోయి, అప్పులు మిగిలి, ఆఖరికి పాస్‌పోర్టు ఆఫీసు దారి పట్టిన కుటుంబాల కథలు వీధికి నాలుగు వినిపిస్తాయి.

శంషాబాద్ విమానాశ్రయం 2008లో వచ్చింది. 70ల్లో, 80ల్లో వెళ్లినవాళ్లకి దుబాయి దారి బొంబాయి మీదుగానే! బస్సులోనో రైల్లోనో బొంబాయి చేరి, ఏ గదిలోనో పదిమంది ఒకే చాప మీద పడుకుని, ఏజెంటు పిలుపు కోసం వారాలు కాచుకునేవారు. ‘దుబాయ్ శీను’ (2007)లో మన రవితేజ గారి బృందం దుబాయ్ వెళ్దామని బయల్దేరి ఏజెంటు చేతిలో మోసపోయి ముంబయిలోనే మిగిలిపోతుంది చూశారూ, హాల్లో పగలబడి నవ్వుకున్నాం. ఇక్కడ ఆ సీనుకి నవ్వని పెద్దవాళ్లు చాలామందే ఉంటారు. వాళ్లకి అది కామెడీ కాదు మరి!

తిరిగొచ్చేటప్పటి సామానుదీ ఓ చరిత్రే. ఒకప్పుడు టూ ఇన్ వన్ టేప్‌రికార్డరు, సెంటు సీసా, మెత్తటి కంబళి. ఆ తర్వాత వీసీఆర్! పట్నం హాల్లో చూడాల్సిన సినిమాని ఊరంతా ఒకరింటి వాకిట్లో కూర్చుని రాత్రంతా చూసిన వైభవానికి గల్ఫ్ డబ్బాలు చేసిన సాయం ఇంతా అంతా కాదు. డబ్బా నాలుగు పక్కలా పెద్ద అక్షరాలతో పేరు, ఊరు, ఫోను నంబరు రాసి, తాడుతో అడ్డంగా నిలువుగా కట్టే పద్ధతి మాత్రం ఈనాటికీ మారలేదు. అది మంచి పద్ధతే, మానకండి. సామాను వచ్చే బెల్టు మీద అన్ని పెట్టెలూ ఒకేలా కనిపిస్తాయి.

ఇక తూకం. టికెట్టు మీద 20 కిలోలని ఉందా, 30 అని ఉందా చదువుకోవాలి. కంపెనీని బట్టి, టికెట్టుని బట్టి మారుతుంది. చేతిసంచి మామూలుగా 7 కిలోలు. ఇంటి దగ్గరే తూకం వేసుకోండి. లేకపోతే కౌంటరు ముందు పెట్టె విప్పి, ఏది ఉంచాలో ఏది వదలాలో తేల్చుకోలేక, వెనక లైను గొణుగుతుంటే చెమటలు పడతాయి!

మనది కాని పొట్లం

ఇప్పుడు అసలు విలన్ ప్రవేశిస్తాడు. జాగ్రత్తగా చదవండి.

“తమ్మీ, ఎట్లా పోతున్నవ్ కదా, మా బావ అక్కడ్నే ఉన్నడు. గీ చిన్న పొట్లం ఇయ్యరాదూ? వచ్చి తీస్కుంటడు.” 

ప్రతి ప్రయాణానికీ ముందు ఈ మాట వినిపిస్తుంది. ఊరివాడు, చుట్టం, కాదంటే బాగుండదు. పొట్లంలో ఉన్నది మసాలా సామానే కావచ్చు. కానీ ఆ మసాలాలో గసగసాలుంటే? మన వంటింట్లో కూరకి చిక్కదనం ఇచ్చే ఆ గింజలు యుఏఈలో నిషిద్ధం. నల్లమందు మొక్క గింజలు కాబట్టి వాటిని మత్తు పదార్థాల లెక్కలో చూస్తారు. “తెల్వదు సార్” అంటే అక్కడ చెల్లదు. నమిలే పొగాకు, గుట్కా, తమలపాకులు కూడా అంతే. దగ్గుమందుల్లో కొన్నిటిలో ఉండే కోడీన్, నొప్పులకి వాడే ట్రమడాల్ లాంటివి ముందస్తు అనుమతి లేకుండా తీసుకెళ్తే నేరమవుతుంది. బీపీ, షుగర్ మాత్రలైనా సరే, డాక్టరు చీటీతో, అట్ట మీద పేరు కనిపించేలా తీసుకెళ్లాలి.

అందుకని సూత్రం ఒక్కటే. మీ కళ్లముందు, మీ చేతుల్తో సర్దనిది మీ పెట్టెలో ఉండకూడదు. పొట్లం ఇచ్చినవాళ్ల ముందే విప్పి చూడండి. విప్పనివ్వకపోతే తీసుకోకండి. “అన్నా, తూకం ఎక్కువైతది, ఏమనుకోకు” అంటే సరి! ఒక్కరోజు మొహమాటం పోతుంది. ఏళ్ల జైలుకన్నా అది చవక.

సిరిసిల్ల నేర్పే పాఠం

కోరుట్ల నుంచి కథలాపూర్, రుద్రంగి మీదుగా దక్షిణానికి దిగితే వేములవాడ. రాజన్న గుడిలో కోడెను కట్టి మొక్కు చెల్లించుకున్నాకే విమానం ఎక్కేవాళ్లు చాలామంది. ఆ పక్కనే సిరిసిల్ల. వీధిలోకి అడుగుపెట్టగానే మరమగ్గాల చప్పుడు, ‘టకటక టకటక’మని రీరికార్డింగు వేసినట్టు! ‘బలగం’ (2023) తీసిన వేణు యెల్దండి గారిది ఈ ప్రాంతమే. మగ్గం ఆగినప్పుడల్లా ఇక్కడివాళ్లు భీవండికో, సూరత్‌కో, గల్ఫ్‌కో దారి చూసుకున్నారు. 

ఈ ఊరిదే మరో ఘనత ఉంది. నల్ల పరంధాములు అనే నేతకారుడు అగ్గిపెట్టెలో పట్టే చీర నేశారు. ఆయన కుమారుడు విజయ్ ఆ విద్యని కొనసాగించారు. చీరంత చీరని అగ్గిపెట్టెలో సర్దిన ఊరివాళ్లకి సామాను సర్దడం మనం నేర్పాలా చెప్పండి! కానీ ఒక మాట నేర్చుకోవచ్చు. పెట్టె పెద్దదా చిన్నదా అన్నది కాదు, ఏది చోటు చేసుకోవాలన్నదే లెక్క.

కాబట్టి బట్టల దగ్గర ఆశ తగ్గించుకోండి. పనిలో తొడుక్కునే డ్రెస్సు, బూట్లు, టోపీ చాలా కంపెనీలు ఇస్తాయి. మీకు కావలసింది నూలు బనియన్లు, రెండు లుంగీలు, రెండు తువ్వాళ్లు, నాలుగు జతల మామూలు బట్టలు, పండక్కి ఒక మంచి జత, ఒక దుప్పటి. “ఎడారి కదా, చలెక్కడిది?” అనుకోకండి. డిసెంబరు, జనవరి రాత్రుళ్లు ఇసుక మీద చలి కొరికేస్తుంది. ఒక స్వెట్టరు పడెయ్యండి. ఎండ సంగతి చెప్పనక్కర్లేదు. యుఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఆరుబయట ఎండలో పని చేయించకూడదని చట్టమే ఉంది. ఆ సంగతి తెలిసి వెళ్లడం కూడా ఓ సామానే, దానికి తూకం లేదు!

చేతిసంచిలో ఏముండాలి?

ఇక పైలట్ సూత్రానికి వద్దాం. ‘ఆడుజీవితం’ (2024) చూశారా? బెన్యామిన్ నవల ఆధారంగా బ్లెస్సీ తీసిన చిత్రం. పృథ్వీరాజ్ పోషించిన నజీబ్ సౌదీలో దిగుతాడు. సంచిలో ఊరగాయ ఉంది, గుండెలో ఆశ ఉంది. తీసుకెళ్లడానికి వచ్చినవాడు అసలు తన యజమానేనా అని తేల్చుకునే దారి మాత్రం లేదు. భాష రాదు. వాడి బండెక్కాడు, ఎడారిలో మేకల మధ్య తేలాడు. మన తెలుగులో పి.సునీల్‌కుమార్ రెడ్డి ‘గల్ఫ్’ (2017) తీసి ఈ వలస బతుకుల్ని తెరకెక్కించారు.

అందుకే చేతిసంచిలో ముందు కాయితాలు. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం కాపీ. కంపెనీ పేరు, అక్కడి ఫోను నంబరు, భారత రాయబార కార్యాలయం నంబరు - ఫోనులోనే కాదు, కాయితం మీద కూడా. ఫోను చార్జింగు అయిపోవచ్చు, కాయితానికి ఆ బాధ లేదు.

పదో తరగతి పాసు కానివాళ్ల పాస్‌పోర్టుకి ఈసీఆర్ అని ఉంటుంది. వాళ్లు గల్ఫ్ దేశాలకి పనికి వెళ్లాలంటే 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం అనుమతి కావాలి. ఆ అనుమతితో పాటే ప్రవాసీ భారతీయ బీమా యోజన వస్తుంది. రెండేళ్లకి 275 రూపాయలు, మూడేళ్లకి 375. ప్రమాదంలో ప్రాణం పోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షలు. ఒక సినిమా టికెట్టు, పాప్‌కార్న్ డబ్బులంత కూడా కాదు! ‘విజిట్ వీసా మీద పంపిస్త, అక్కడికి పోయినంక మార్పిస్త’ అనే ఏజెంటు చేతిలో పడ్డవాడికి అనుమతీ ఉండదు, బీమా ఉండదు. ‘ఆజాద్ వీసా’ అని ముద్దుపేరు పెట్టి అమ్మేదీ అలాంటిదే. ఒకరి పేరు మీద వెళ్లి మరొకరి దగ్గర పని చేస్తూ పట్టుబడితే ‘ఖల్లివెల్లి’ అయిపోతాడు, అంటే ఏ కాయితమూ లేని మనిషి. అన్నట్టు, ప్రభుత్వం దగ్గర రిజిస్టరైన ఏజెంటు సేవకి వసూలు చేయదగ్గది 30,000 రూపాయలు, దాని మీద పన్ను. అంతకన్నా ఎక్కువ అడిగితే రశీదు అడగండి, అక్కడే బండారం బయటపడుతుంది.

ఇవన్నీ సర్దుకున్నాక ఒక పని మిగిలి ఉంటుంది. అన్ని కాయితాలకీ ఇంకో నకలు తీయించి, కవరులో పెట్టి, ఇంట్లో ఇచ్చి వెళ్లాలి. అవ్వకో, భార్యకో, తమ్ముడికో! రేపు అక్కడ జబ్బు చేసినా, జీతం ఆగినా, జైలు పాలైనా, అంతకన్నా పెద్ద కష్టం వచ్చినా, ఇక్కడినుంచి కదలాల్సింది వాళ్లే. “మా కొడుకు దుబాయిల ఉన్నడు” అంటే ఏ అధికారీ ఏమీ చెయ్యలేడు. ఏ దేశం, ఏ కంపెనీ, పాస్‌పోర్టు నంబరు ఎంత? ఆ కవరు ఇంట్లో ఉంటే సమాధానం ఉంటుంది. లేకపోతే కన్నీళ్లే ఉంటాయి.

బస్సు కదిలేముందు ఇక్కడి పెద్దవాళ్లు ఒక మాట అంటారు. ‘జాగ్రత్త’ అనే బదులు వాడే మాట. మీ ఊళ్లో ఎవరైనా పెట్టె సర్దుకుంటుంటే మీరూ అదే చెప్పండి... “తొక్కు సంగతి తర్వాత తమ్మీ, కాయితాలు పైలం!”